దక్షిణ ధ్రువానికి మూడు ట్రాక్టర్లు, ఒక తాడు

1957 అక్టోబరు 14. అంటార్కిటికాలో రాస్ సముద్రం ఒడ్డునున్న స్కాట్ బేస్ నుంచి మూడు ట్రాక్టర్లు బయల్దేరాయి. మంచు మీద నడవడానికి పుట్టిన యంత్రాలు కావవి. ఇంగ్లండులోని కోవెంట్రీలో, పొలం దున్నడానికని తయారైన ఫెర్గూసన్ టీఈ-20లు. ఇంజను బలం ముప్పై హార్స్‌పవర్‌కు మించదు. బరువు టన్ను పైచిలుకు. వాటికి చేసిన మార్పులన్నీ ఓ మాదిరి వెల్డింగు షాపులో అయ్యేవే. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ ఇంకో చక్రం పెట్టారు. మూడింటినీ చుట్టి ఇనుప పట్టా వేశారు. డ్రైవరు నెత్తిన ఇనుప కమ్ములు వంచి, చుట్టూ కేన్వాసు గుడ్డ కట్టారు. తోడుగా వీజిల్ అనే చిన్న పట్టాల బండి ఒకటి వచ్చింది గానీ, అది దారి మధ్యలోనే మొరాయించింది, వదిలేసి పోయారు.

ముందుండి నడిపిస్తున్నవాడు ఎడ్మండ్ హిల్లరీ. నాలుగేళ్ళ కిందట టెన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు ఎక్కిన హిల్లరీయే. ఇప్పుడు అతనికి అప్పగించిన పని అంత ఘనమైందేమీ కాదు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వివియన్ ఫుక్స్ ఖండానికి అవతలి కొస, వెడెల్ సముద్రం వైపు నుంచి బయల్దేరి, ధ్రువం మీదుగా ఇటు రావాలి. మొత్తం ఖండాన్ని నేల మీద దాటిన మొదటి జట్టు తనదే కావాలన్నది ఫుక్స్ సంకల్పం. అతనికోసం ఇటువైపు దారిలో తిండీ పెట్రోలూ దాచిపెట్టి రావడమే హిల్లరీ జట్టు పని. సామాను మోసే పని అన్నమాట.

ఈ ప్రయాణం గురించి రాసినవాళ్ళు సాధారణంగా చలి గురించి రాస్తారు, హిల్లరీ మొండితనం గురించి రాస్తారు. నాకు మాత్రం ఆ ట్రాక్టర్ల మధ్య ఉన్న తాడు మీదే చూపు నిలుస్తుంది. ఒక బండి మంచులో కూరుకుపోతే మిగతావి పట్టి ఆపాలని, మూడింటినీ ఒకదానికొకటి కట్టేశారు. కొండలెక్కేవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని వరసగా నడిచే పద్ధతినే యంత్రాలకు అన్వయించారు.

ఆ పద్ధతి విలువ హిల్లరీకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1953 ఏప్రిల్‌లో ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో ఒక మంచు బీట మీదుగా అతను దూకాడు. కాలు మోపిన మంచుగడ్డ విరిగి, దాంతో పాటే లోపలికి జారాడు. వెనకున్న టెన్జింగ్ తన మంచు గొడ్డలిని నేలలో దించి, తాడును దాని చుట్టూ మెలిక వేసి పట్టాడు. హిల్లరీ మధ్యలో ఆగాడు. అందరూ తాడు కాపాడిందంటారు. తాడు అక్కడ ఉన్నమాట నిజమే. కానీ ఆ గొడ్డలి గట్టి మంచులో దిగకుండా పైపైన గుచ్చుకుని ఉంటే, అదే తాడు ఇద్దరినీ కలిపి లోపలికి లాక్కుపోయేది.

మరి ట్రాక్టరుకు ఆ గొడ్డలి ఏది?

జవాబు తాడు కట్టే చోటులో ఉంది, అది తెలియాలంటే కాసేపు మంచు వదిలి పొలానికి రావాలి. ఫెర్గూసన్ అనేది ఒక మనిషి పేరు. హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతు బిడ్డ. అతను రంగంలోకి దిగిన రోజుల్లో ట్రాక్టర్లకు ఒక చెడ్డ పేరుండేది. నాగలి నేలలో రాయికో వేరుకో తట్టుకుని బిగుసుకుంటే, ఇంజను మాత్రం ఆగదు. చక్రాలు తిరగలేనప్పుడు ఆ బలం ఎటు పోతుంది? ఇరుసు చుట్టూ ట్రాక్టరు ఒంటినే తిప్పుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. మొత్తం బండి వెనక్కి బోర్లపడి డ్రైవరు మీద కూర్చుంటుంది. ఇదంతా ఒకటిన్నర సెకనులో అయిపోతుంది. అందులో సగం గడిచేసరికే ఇక క్లచ్చి తొక్కినా లాభం లేని స్థితి వచ్చేస్తుంది. మనిషికి ప్రమాదం అర్థమయ్యేలోపే అంతా ముగుస్తుంది. ఫెర్గూసన్ కనిపెట్టిన మూడు కడ్డీల అమరిక, అంటే ఇవాళ మన ట్రాక్టర్లన్నిటి వెనకా కనబడే ఆ రెండు కింది చేతులూ ఒక పై కడ్డీ, ఈ పల్టీని తప్పించడంలో చాలా మేలు చేసింది. నాగలి ఎదురు తిరిగినప్పుడు ఆ తోపు పై కడ్డీ ద్వారా ముందుకు వచ్చి ముక్కును కిందికే నొక్కుతుంది.

కానీ ఆ మేలు నాగలి తగిలించినప్పుడే. గొలుసు కట్టి లాగేటప్పుడు సూత్రం ఒక్కటే: వెనుక ఇరుసు కంటే కిందికి కట్టాలి. అందుకే ట్రాక్టరుకు లాగుడు కడ్డీ అంత కిందుగా, వంగితే గానీ చెయ్యి అందనంత కిందుగా ఉంటుంది. వంగడానికి బద్ధకించి పై కడ్డీ తగిలించే చెవికి గొలుసు వేసినవాడు, ఫెర్గూసన్ తీసేసిన ప్రమాదాన్ని మళ్ళీ తెచ్చి బిగించుకున్నట్టే.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. హిల్లరీ యాత్రకు ట్రాక్టర్లిచ్చిన మాసీ-హ్యారిస్-ఫెర్గూసన్ కంపెనీయే తర్వాత మాసీ ఫెర్గూసన్ అయింది. దాని భాగస్వామ్యంతో 1960లో చెన్నైలో టాఫే పుట్టింది. మన ఊళ్ళలో రైతులు ముద్దుగా ‘మాసీ’ అని పిలుచుకునే ఎర్ర ట్రాక్టరుకు వంశవృక్షం గీస్తే, దక్షిణ ధ్రువం వెళ్ళిన ఆ మూడూ తాత వరసవుతాయి. గోదావరి జిల్లాల్లో దమ్ము చేస్తూ బురదలో దిగబడ్డ ట్రాక్టరును బయటికి తెచ్చేటప్పుడు జరిగే ప్రమాదాల వెనుక కూడా పైన చెప్పిన లెక్కే ఉంది. వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి, ఒకటో గేరులో వేసి పైకెక్కించే అలవాటు ఉంది చూడండి, అది మరీ ఘోరం. దుంగ బురదలో బిగిసిందంటే చక్రం ఆగిపోతుంది, ట్రాక్టరు లేచి వెనక్కి పడుతుంది.

సరే, మళ్ళీ మంచులోకి.

స్కెల్టన్ హిమానీనదం మీదుగా ఎక్కి, అక్టోబరు చివరికి ట్రాక్టర్లు పీఠభూమి మీదికి చేరాయి. అక్కడ ఎత్తు ఎనిమిది వేల అడుగులు దాటింది. గాలి పలచబడే కొద్దీ పెట్రోలు ఇంజను బలం తగ్గుతుంది, లాగాల్సిన స్లెడ్జీల బరువు మాత్రం తగ్గదు. మనిషి నడక వేగం. ఒక్కోరోజు అదీ లేదు. మెత్తటి మంచులో పట్టాలు గుంతలు తవ్వుకుంటూ కూర్చునేవి. అప్పుడు దిగి పార పట్టుకోవడమే.

పీఠభూమి మీద అసలు భయం బీటలది. మంచు పైకి రాయిలా కనిపించినా, కింద నదిలా మెల్లగా కదులుతూనే ఉంటుంది. వంపు తిరిగే చోట అది పగులుతుంది. ఆ పగుళ్ళు పదుల అడుగుల లోతు. గాలికి కొట్టుకొచ్చిన మంచు వాటి నోటికి మూత వేస్తుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే తెల్లటి నేల. ఆ మూత మనిషిని మోయొచ్చు, కుక్కల బండిని మోయొచ్చు, ట్రాక్టరు ఎక్కితే కూలొచ్చు. ఎక్కితే గానీ తెలియదు.

ముందు నడిచే ట్రాక్టరు మీద కూర్చున్నవాడి సంగతి ఊహించండి. ఇంజను హోరులో పక్కవాడి కేక కూడా వినపడదు. మొదట తెలిసేది నడుముకు. కూర్చున్న సీటు ఉన్నట్టుండి కిందికి జారుతుంది, ముక్కు పైకి లేస్తుంది. పట్టాల వెనుక భాగం కింద మూత విరిగిందన్నమాట. ఆ క్షణంలో బ్రేకు వేస్తే అక్కడే ఉండిపోతాడు. చెయ్యి థ్రాటిల్ మీదికి పోవాలి. ఇంజను అరుస్తుంది, ముందరి పట్టా అంచు అవతలి గట్టు మంచును గీరుకుంటూ పట్టు వెతుక్కుంటుంది, ఒక కుదుపుతో బండి పైకి పాకుతుంది. వెనక్కి తిరిగి చూస్తే, ఇప్పుడే దాటిన చోట నల్లటి రంధ్రం. ఇక దాన్ని రెండో ట్రాక్టరు ఎలా దాటాలన్నది తర్వాతి సమస్య. ఇలాంటివి ఆ దారిలో ఒకటీ అరా కాదు.

ఈ కుదుపుల మధ్య తాడు చేసే పని సూక్ష్మమైంది. మరీ బిగిస్తే వెనుక బండి ముందు బండిని ఆపుతుంది, ముందుది వెనకదాన్ని పక్కకు ఈడుస్తుంది. మరీ వదిలితే ఇంకా ప్రమాదం. లెక్క వేసి చూడండి: తాడులో రెండు మీటర్ల వదులుందనుకుందాం. ట్రాక్టరు బీటలోకి జారి, ఆ వదులు అయిపోయి తాడు బిగిసే వేళకు గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పడుతూ ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఆపాల్సి వస్తే వచ్చే దెబ్బ ట్రాక్టరు బరువంత ఉండదు, దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దెబ్బ తాడు మీద ఎంత పడుతుందో, తాడు రెండు కొసలనూ పట్టుకున్న ఇనుము మీదా అంతే పడుతుంది.

ఇక్కడే నైలాను గురించి చెప్పుకోవాలి. జనపనార మోకు పెద్దగా సాగదు. ఇనుప గొలుసు అసలు సాగదు. నైలాను సాగుతుంది. దెబ్బను ఒక్క క్షణంలో కాక కాస్త సాగదీసి తీసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ విమానాలను లాగడానికి ఆ తాళ్ళు వచ్చాయి. తర్వాత కొండలెక్కేవాళ్ళ చేతికి చేరాయి. 1953లో ఎవరెస్టు మీద వాడినవీ నైలాను తాళ్ళే. ఇవాళ జీపుల వాళ్ళు ‘స్నాచ్ స్ట్రాప్’, ‘కైనెటిక్ రోప్’ అని కొనుక్కునేవి వాటి సంతానమే. మామూలు లాగుడు పట్టీ సాగదు. ఇవి తమ పొడవులో ఐదో వంతు దాకా, కొన్ని అంతకంటే ఎక్కువే, సాగి తిరిగి ముడుచుకుంటాయి. ఆ ముడుచుకునే బలమే ఇసుకలో దిగబడ్డ బండిని పైకి ఊడదీస్తుంది. అదే బలం మనుషుల ప్రాణాలూ తీసింది. ఆ సంగతికి వస్తాను.

అవతలి వైపు ఫుక్స్ జట్టు 1957 నవంబరు 24న షాకిల్టన్ శిబిరం నుంచి కదిలింది. వాళ్ళ ప్రధాన బండ్లు ఫెర్గూసన్‌ల లాంటివి కావు. స్నో-క్యాట్ అనే అమెరికన్ వాహనాలు. నాలుగు మూలలా నాలుగు విడి పట్టాల కాళ్ళు, దేనికది కదులుతుంది. వాటికి ముద్దు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఫుక్స్, అతని సహచరుడు డేవిడ్ స్ట్రాటన్ నడిపే బండి పేరు ‘రాక్ ఎన్ రోల్’. ఆ పేరు సార్థకం కావడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. తొలి మజిలీల్లోనే ఒక వెడల్పాటి బీట మూత దాని కింద కూలింది. బండి మొత్తం లోపలికి పోలేదు. ముందు పట్టాల కొసలు అవతలి గట్టుకు, వెనుక భాగం ఇవతలి గట్టుకు ఆనుకుని, నడుమంతా శూన్యం మీద వేలాడింది. యాత్ర ఫొటోగ్రాఫర్ జార్జ్ లోవ్ తీసిన ఆ చిత్రం ప్రపంచమంతా తిరిగింది. హిల్లరీకి పాత మిత్రుడైన లోవ్ కూడా ఎవరెస్టు జట్టులో ఉన్నవాడే.

ఆ ఫొటో చూసినవాళ్ళు బీట లోతు చూసి నోరు తెరుస్తారు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ తర్వాతి పని. ఎవరూ తాడు తగిలించి దూకుడుగా లాగలేదు. వేలాడుతున్న బండిని ఒక్క గుంజు గుంజితే, ఆనుకున్న అంచు విరిగి మొత్తం లోపలికి పోతుంది. ముందు దాని బరువు మోయడానికి ఏదైనా కింద పెట్టాలి. జట్టు వెంట అల్యూమినియం వారధి పలకలు ఉన్నాయి. మనుషులు నడుముకు తాళ్ళు కట్టుకుని బీట అంచుల్లో దిగి, గాల్లో ఉన్న పట్టాల కింద వాటిని అమర్చారు. తర్వాత మిగతా బండ్లను తాళ్ళతో కట్టి, లాగేవి లాగుతుంటే, బండి పక్కకు జారకుండా మెల్లగా, అంగుళాల లెక్కన బయటికి తెచ్చారు. గంటల పని. అదయ్యాక కూడా ముందున్నది అలాంటి నేలే. మనుషులు కర్రలతో మంచును పొడుచుకుంటూ ముందు నడిచారు, బండ్లు వెనక వచ్చాయి.

ధ్రువం సంగతి క్లుప్తంగా చెబుతాను, అది అందరికీ తెలిసిందే. హిల్లరీ తన ఆఖరి డిపో పెట్టాక ఆగలేదు. డిసెంబరు 20న అక్కడి నుంచి ధ్రువం వైపు మళ్ళాడు. 1958 జనవరి 4న మూడు ట్రాక్టర్లూ, ఐదుగురు మనుషులూ అక్కడి అమెరికన్ స్టేషన్ చేరారు. హిల్లరీ, పీటర్ మల్‌గ్రూ, మర్రే ఎల్లిస్, జిమ్ బేట్స్, డెరెక్ రైట్. 1912లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ తర్వాత నేల మీద నుంచి ధ్రువం చేరింది వీళ్ళే, మోటారు బండ్ల మీద చేరిన మొదటివాళ్ళూ వీళ్ళే. ఫుక్స్ జనవరి 19న వచ్చాడు. మార్చి 2న నాలుగు స్నో-క్యాట్‌లతో స్కాట్ బేస్ చేరి, 99 రోజుల్లో 3,473 కిలోమీటర్ల ప్రయాణం పూర్తి చేశాడు. డిపోలు పెట్టమంటే ధ్రువం దాకా ఎందుకెళ్ళావని హిల్లరీని తప్పుపట్టినవాళ్ళున్నారు. పత్రికల్లో పెద్ద తగాదానే నడిచింది. అది మనకొద్దు.

మనకు కావాల్సింది అదే తాడు లెక్క మన దగ్గర కనబడే ఇంకో దృశ్యం. ఏ సముద్ర తీరమైనా అనుకోండి, సూర్యలంకో, కాకినాడ పక్కనో. ఆదివారం సాయంత్రం. కొత్త జీపు తడి ఇసుక మీద రెండు చుట్లు తిరిగి, మెత్తటి చోట దిగబడింది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇరుసు దాకా దిగింది. పోటు నీళ్ళు వస్తున్నాయి. జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి. ఇంకో జీపు వచ్చింది. దాని వెనుక మెరిసే ఇనుప గుండు (టో బాల్) ఉంది.

“అన్నా, ఆ బాలుకి తగిలించెయ్యి, గట్టిగా ఒక్క లాగు లాగుదాం.”

ఈ మాట మన తీరం పొడవునా వినబడుతుంది. ఆ గుండు చరిత్ర కాస్త చెప్పాలి. ట్రైలరు తగిలించడానికి తయారైన వస్తువది. ట్రైలరు బరువులో కొంత దాని మీద నిలువుగా దిగుతుంది, మిగతాది నిదానమైన లాగుడు. మన దగ్గర దాన్ని పెట్టుకున్న కార్లలో ట్రైలరు లాగినవి ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. ట్రాఫిక్‌లో వెనకనుంచి ఆటో తగిలితే బంపరు సొట్టపోకుండా ఉంటుందని ఎక్కువమంది పెట్టించుకుంటారు. మూడొంతులు అలంకారం. దాన్ని పలచటి రేకుకు బోల్టులు వేసి బిగించారో, ఛాసిస్‌కే బిగించారో యజమానికి తెలియదు. బిగించినవాడు చెప్పడు. ఛాసిస్‌కు బిగించినా సరే, గుండు మెడ ఒక సన్నటి ఇనుప కాడే. ఊపుతో వచ్చే గుంజుడుకు అది తయారైంది కాదు.

ఇప్పుడు లెక్క. జీపు, అందులో మనుషులు కలిపి 2,000 కిలోలు. పట్టీ వదులు పెట్టి, గంటకు పది కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. పట్టీ బిగిసేవేళకు ఆ బండిలో ఉన్న చలన శక్తి 7,700 జౌళ్ళు. అది పట్టీ సాగుదలలోకి వెళుతుంది. దిగబడ్డ బండి కదిలితే సరే. కదలకపోయి, గుండు మెడ విరిగితే? ఆ శక్తిలో పదో వంతు మాత్రమే గుండుకు దక్కిందనుకున్నా, కిలో బరువున్న ఇనుము గంటకు 140 కిలోమీటర్ల వేగంతో, పట్టీ లాగిన దిక్కుగా దూసుకుపోతుంది. ఫాస్ట్ బౌలరు వేసే బంతికి దగ్గర వేగం, దానికి ఆరు రెట్ల బరువు, ఎదురుగా ప్యాడ్లూ హెల్మెట్టూ లేని మనిషి. ఆ దిక్కులో ఉండేది దిగబడ్డ బండి అద్దం, దాని వెనుక స్టీరింగు పట్టుకున్నవాడు. వేగం ఇరవైకి పెంచితే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఇలా గుండు ఎగిరొచ్చి మనుషులు పోయారు.

ఇనుము లేకున్నా తాడు ఒక్కటే చాలు. 1997 అక్టోబరు 25న తైపీ నగరంలో 1,600 మందికి పైగా జనంతో తాడులాగుడు పోటీ పెట్టారు. నైలాను తాడు, దాదాపు ఐదు సెంటీమీటర్ల మందం. జనం లాగుతూ ఉంటే సాగి సాగి తెగింది. వెనక్కి కొట్టిన దెబ్బకు ఇద్దరి ఎడమ చేతులు భుజం కింద తెగిపోయాయి. వైద్యులు తిరిగి అతికించారు. అక్కడ ఇంజను లేదు, ఉన్నది మనుషుల బలమే.

అందుకే ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ పట్టీల మీద హెచ్చరికలు ముద్రించడం తప్పనిసరి చేసింది. అందులో నాకు నచ్చినవి రెండు. ఒకటి, పట్టీ తెగే బలం తేలికైన బండి పూర్తి బరువుకు రెండు నుంచి మూడు రెట్లే ఉండాలి. మరీ గట్టిది కొంటే అది సాగదు, దెబ్బంతా కొక్కేల మీద పడుతుంది. ఎక్కువ టన్నులు రాసి ఉన్నదే మేలని కొనేవాళ్ళకు ఇది మింగుడుపడదు. రెండు, బండ్ల బయట ఉన్నవాళ్ళంతా పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. తొమ్మిది మీటర్ల పట్టీ అయితే పదమూడున్నర మీటర్లు. మన తీరంలో వీడియో తీసేవాళ్ళు నిలబడేది మూడు మీటర్ల దగ్గర, అదీ సరిగ్గా వరసలో.

కట్టే చోటు విషయంలో బండి తయారీదారు చూపించిన కొక్కేన్నే వెతకాలి. ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది, ఏ చోటు అన్నది పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ పక్కనే అడుగున చిన్న చెవులు, రంధ్రాలు కూడా కనబడతాయి, వాటితో మోసపోవద్దు. అవి ఓడ మీదా రైలు మీదా బండి కదలకుండా కట్టడానికి పెట్టినవి. ఇరుసుకు, స్టీరింగు కడ్డీలకు, బంపరుకు కట్టే అలవాటు గురించి చెప్పేదేమీ లేదు. కార్లలో డిక్కీ కింద దాచిపెట్టే మరచుట్టు కొక్కెం రోడ్డు మీద, తిన్నగా, నిదానంగా లాగడానికి. ఇసుకలో పక్కకు గుంజితే విరుగుతుంది. గుండు బిగించిన చదరపు గొట్టం ఛాసిస్‌కే గట్టిగా బిగించి ఉంటే, గుండు ముక్కను తీసేసి, ఆ గొట్టంలోకి సరిపోయే షాకిల్ (అడ్డ మేకుతో మూసే U ఆకారపు ఇనుప కొక్కెం) దిమ్మను పెట్టుకోవచ్చు. రెండు ముందు కొక్కేలున్న బండికి లాగుడును రెండింటి మీదా పంచే పట్టీ వేస్తే మంచిది. ఆ రెండు కాళ్ళ మధ్య కోణం ఎంత విప్పారితే ఒక్కోదాని మీద అంత భారం పెరుగుతుంది కాబట్టి పొడవాటిదే వాడాలి.

షాకిల్ మీద అది మోసే బరువు అచ్చొత్తి ఉంటుంది. 3.25 టన్నులు, 4.75 టన్నులు, ఇలా. అంకె లేని షాకిల్ కిలోల లెక్కన అమ్మే ఇనుమే.

అన్నిటికంటే ముందు పార తీయాలి. అమెరికా సైన్యం పుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉంది: బురద చక్రం లోతు వరకే ఉంటే, బండిని కదిలించడానికి దాని బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డు దాకా వస్తే రెండు రెట్లు, ఇంకా పైకి వస్తే మూడు. చక్రాల ముందున్న ఇసుక తీసేసి, టైర్లలో గాలి తగ్గిస్తే ఆ అంకె మీ కళ్ళముందే పడిపోతుంది. చాలాసార్లు పట్టీ అక్కర్లేకుండానే బండి దానంతటదే బయటికి వస్తుంది. ఫుక్స్ జట్టు వారధి పలకలు పెట్టిందీ ఇందుకే. ఫోన్లకు మాత్రం ఆ అరగంట పార పని బొత్తిగా నచ్చదు.

పట్టీ చాలక రెండు కలపాల్సి వస్తే, మధ్యలో షాకిల్ పెట్టకండి, ఏది తెగినా అది తూటా అవుతుంది. ఒక పట్టీ కన్నులోంచి రెండోదాన్ని దూర్చి మెలిక వేయాలి. లాగాక ఆ మెలిక ఎంత బిగుస్తుందంటే విప్పడానికి గోళ్ళు చాలవు. దానికి అనుభవజ్ఞులు చేసే చిట్కా, మెలిక బిగించే ముందు మధ్యలో ఒక పత్రికను గట్టిగా చుట్టి పెట్టడం. చదవడం అయిపోయిన పాతదేదైనా సరిపోతుంది.